కుక్క మనదైతే దాని కాళ్ల బురదా మనదే

వానాకాలం వచ్చిందని మా అపార్ట్‌మెంట్‌లో వాతావరణ శాఖ కంటే ముందు వాట్సాప్ గ్రూపు చెబుతుంది. లిఫ్టు ముందు టైల్స్ మీద వరసగా బురద అడుగుల ఫొటో ఒకటి వస్తుంది. ‘ఇదెవరి కుక్క?’ అని ఒకాయన అడుగుతాడు. ‘మాది కాదు’ అని నలుగురు జవాబిస్తారు. మధ్యాహ్నానికి కుక్కల్ని లిఫ్టు ఎక్కనివ్వకూడదని ఒకరు, అసలు బిల్డింగులోనే ఉండనివ్వకూడదని ఇంకొకరు తీర్మానం చేసేస్తారు. అప్పుడు కుక్కలున్నవాళ్లం చట్టం బయటికి తీస్తాం. భారత జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాల ప్రకారం పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం అపార్ట్‌మెంట్ సంఘానికి లేదు, లిఫ్టు వాడొద్దనే అధికారమూ లేదు. నాకూ కుక్క ఉంది కాబట్టి ఆ కాగితం నా ఫోన్‌లోనూ ఉంది. అయినా ఆ ఫొటో చూసినప్పుడల్లా నాకు అడిగినాయన పక్షానే మాట్లాడాలనిపిస్తుంది. ఎందుకంటే సాయంత్రానికి ఆ అడుగులు మాయమవుతాయి. వాటిని తుడిచింది కుక్క యజమాని కాదు, వాచ్‌మన్ భార్య.

గ్రూపులో ఇంత గొడవ జరిగినా ఆవిడ సంగతి ఎవరూ ఎత్తరు. కుక్కతో ఫొటోలు దిగేది మనం, పుట్టినరోజుకు కేకు కోసేది మనం. అది తొక్కి తెచ్చిన బురద దగ్గరికొచ్చేసరికి ఇంకొకరి నడుము వంగాలి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, మన ప్రేమకు ఆవిడ చాకిరీ ఖర్చవుతోంది.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ని. డెల్టా అంతా తిరిగాను. ఫుట్‌బోర్డు మీద పెట్టిన కాలు చూసి మనిషి ఏ వైపు నుంచి వస్తున్నాడో చెప్పేవాణ్ని. గుడివాడ, పామర్రు వైపు నల్లరేగడి చెప్పును పట్టుకుంటే వదలదు. నూజివీడు మామిడితోటల ఎర్రమట్టి దులిపితే రాలుతుంది గానీ పంచెకు పట్టిన రంగు మాత్రం పోదు. కైకలూరు చేపల చెరువుల బురద కంటికన్నా ముందు ముక్కుకు తెలుస్తుంది. టికెట్లు కొట్టే పని అయిపోయింది గానీ కాళ్లు చూసే అలవాటు పోలేదు. ఇప్పుడు ఆ చూపంతా మా సోనీ మీద పెట్టాను.

సోనీ మా అబ్బాయి హైదరాబాదు ఉద్యోగానికి వెళ్తూ మాకు వదిలిపెట్టిన తెల్ల కుక్క. వాడు పెట్టిన పేరు స్నోయీ. మా ఆవిడ నోట్లో పడి సోనీ అయింది. వీధిలో అందరూ పమేరియన్ అంటారు, టీకాల కార్డు మీద డాక్టరుగారు ఇండియన్ స్పిట్జ్ అని రాశారు. ఒంటినిండా బొచ్చు, వేళ్ల మధ్య కూడా బొచ్చే. రేగడి నేల తడిస్తే జిగురు, ఆరితే రాయి. వేళ్ల సందున చేరిన రేగడి ఆరుతూ బిగుసుకుంటుంది, చుట్టూ ఉన్న వెంట్రుకల్ని లాగుతుంది. గోలీకాయంత ఉండ చాలు, కుక్క కుంటడానికి. మనం కాలు బెణికిందేమో అనుకుంటాం. వేళ్లు విడదీసి చూస్తే బురద ఉండ ఉంటుంది.

కాళ్లు కడగడమనే నియమం మా ఇంట్లో మా ఆవిడది. “ఏమండీ, చెప్పులేసుకుని తిరిగొచ్చిన మీరే కాళ్లు కడుక్కుని లోపలికొస్తారు గదా, చెప్పుల్లేకుండా ఊరంతా తొక్కొచ్చింది నేరుగా మంచమెక్కుతుందేం?” అంది. దీనికి జవాబు లేదు. మన పల్లెటూళ్లలో వాకిట్లో గాబు, గాబు మీద చెంబు ఉండేవి. చుట్టం వచ్చినా ముందు కాళ్లకు నీళ్లిచ్చి తరవాత మంచినీళ్లిచ్చేవాళ్లం. ఆరోజుల్లో కుక్క వాకిట్లోనే ఉండేది కాబట్టి దాని కాళ్ల సంగతి ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు కుక్కను సోఫా మీదికి తెచ్చాం, గాబును మాత్రం ఊళ్లోనే వదిలేసి వచ్చాం.

బురదంటే మట్టే కదా అని కొట్టిపారేసేవాళ్లకు 2024 సెప్టెంబరు గుర్తుచేస్తాను. ఒకటో తారీఖున బుడమేరు పొంగి మన విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట మునిగిపోయాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11.43 లక్షల క్యూసెక్కులతో పాత రికార్డులన్నీ దాటింది. నీళ్లు తీశాక ఇళ్లలో మిగిలింది మురుగు, డ్రైనేజీ, చచ్చిన జీవాలు కలిసిన బురద. ఫైరింజన్లు తెచ్చి ఇళ్లూ వీధులూ కడగాల్సి వచ్చింది. ఆ బురదలో కాలు పెట్టాక ఎంత కడుక్కున్నా తృప్తి ఉండేది కాదని మా బంధువులు ఇప్పటికీ చెబుతారు. ఆ రోజుల్లో కుక్కలూ అందులోనే తిరిగాయి.

ఆ భయానికి కారణం ఉంది. లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు ఎలుకల మూత్రంతో నీళ్లలోకి, తడి మట్టిలోకి చేరుతుంది. కాలి మీద చిన్న గీత ఉన్నా లోపలికి వెళ్తుంది, కుక్కకైనా మనిషికైనా. కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. వరిపొలాల్లో మోకాలి లోతు నీళ్లలో పనిచేసేవాళ్లకు ఇది కొత్త జబ్బేమీ కాదు. జబ్బుపడిన కుక్క మూత్రం ద్వారా ఇంట్లోవాళ్లకూ రావచ్చు. ఏటా వేయించే టీకాల్లో దీనికీ రక్షణ ఉంటుంది కాబట్టి కార్డు తీసి ఆ గడి నిండిందో లేదో చూసుకోండి. మీ చేతికి గాయమున్న రోజున కుక్క కాళ్లు కడగాల్సొస్తే చేతికి తొడుగు వేసుకోండి.

వరద లేని రోజుల్లోనూ మన ఊరు ఏమంత శుభ్రంగా ఉండదు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్యలోంచే పారుతున్నాయి. గట్ల వెంట వాకింగ్ బాగానే ఉంటుంది. వేసవిలో కాలువలు కట్టేశాక అడుగున మిగిలిన గుంటల్లోకి కుక్క దూకిందంటే అది తెచ్చేది నీళ్లు కాదు, ఊరి మురుగు. ఆటోనగర్ వైపు రోడ్డు మీద గ్రీజు, డీజిలు, ఇంజనాయిలు. ఇబ్రహీంపట్నంలో మా పాత డ్రైవరొకాయన ఉంటాడు. థర్మల్ కేంద్రం బూడిద లారీలు తిరిగే దారిలో నడిపిస్తే వాళ్ల తెల్లకుక్క ఇంటికొచ్చేసరికి బూడిదరంగుకు తిరుగుతుందని నవ్వుతాడు. ఇంకొకటి మన కంటికి కనపడదు. పొద్దున్నే కారిడార్లలో ఫినాయిల్ పెట్టి తుడుస్తారు. ఆ తడి మీద నడిచిన కుక్క ఇంట్లోకొచ్చి తీరిగ్గా కూర్చుని పాదాలు నాకుతుంది.

అసలు విషయం ఈ నాకడంలోనే ఉంది. మన కాలికి అంటింది కాలికే ఉంటుంది. కుక్క కాలికి అంటింది దాని కడుపులోకి పోతుంది. సంక్రాంతికి పొలాలున్న ఊళ్లకు వెళ్లేవాళ్లు ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి. చేలో మందు కొట్టిన రోజున గట్టు మీద కుక్కను తిప్పితే పురుగుమందు పాదాలకు, పొట్ట కింద బొచ్చుకు అంటుతుంది, ఆనక నాలుకకు చేరుతుంది. నోట్లోంచి చొంగ కారుతూ, వణుకుతూ, వాంతులు చేసుకుంటే పశువుల ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. వాకిట్లో రంగుల ముగ్గు తొక్కొచ్చినా కడిగి తీరాలి. ముగ్గు పాడైనందుకు ఆ ఇంటి ఆడపడుచు తిట్టే తిట్లు వేరే లెక్క, అవి యజమానే పడాలి.

పల్లెటూరు బొచ్చుకు అంటించి పంపేవీ తక్కువ కాదు. పల్లేరుకాయ పాదం మెత్తలో దిగుతుంది. ఉత్తరేణి గింజలు తోకకూ తొడలకూ పట్టుకుంటాయి. మరులమాతంగి కాయ ఒక్కటి చెవి వెనక ఇరుక్కుంటే రెండు రోజుల్లో చుట్టూ బొచ్చు ఉండకట్టి, కత్తెరకు తప్ప లొంగదు. ఖాళీ స్థలాల నిండా పెరిగే వయ్యారిభామ పుప్పొడి కుక్క ఒంటి మీద కూర్చుని మన ఇంట్లోకి వస్తుంది. దానికి పడని మనిషి ఇంట్లో ఉంటే ఒళ్లు దద్దుర్లు, తుమ్ములు. అందుకే పొదల్లోంచి వచ్చిన కుక్కను గుమ్మం బయటే దువ్వాలి.

అన్నిటికన్నా మొండివి పిడుదులు, కొందరు గోమార్లంటారు. కుక్కల మీదుండే గోధుమరంగు పిడుదుకు అడవి అక్కర్లేదు. మన గోడ పగుళ్లు, తలుపు సందులు చాలు. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు కిందపడి వేలల్లో గుడ్లు పెడుతుంది. ఇది కుట్టడం వల్ల వచ్చే జ్వరంలో రక్తంలోని ప్లేట్‌లెట్లు పడిపోతాయి. కుక్క తిండి మానేస్తుంది, చిగుళ్లు పాలిపోతాయి, ఒక్కోసారి ముక్కులోంచి రక్తం కారుతుంది. అందుకే కాళ్లు కడిగేటప్పుడు చేతివేళ్లతో వెతకాలి. వేళ్ల మధ్య, చెవుల లోపలి మడత, చంకలు, మెడపట్టీ కింద చూడాలి. కనపడితే పట్టకారతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగి సబ్బునీళ్లలో వేయండి. గోళ్లతో చిదమకండి. కిరోసిన్ పూయకండి. గేదెలకు వాడే మందును ఉజ్జాయింపుగా నీళ్లలో కలిపి కుక్క ఒంటికి రాసేవాళ్లున్నారు. అదీ నాకుడుతో లోపలికే పోతుంది. మందు కావాలంటే కుక్క బరువు చూసి డాక్టరు రాయాలి. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉన్న ప్రాంతం మనది, సలహాకు దిక్కులేనివాళ్లం కాదు.

ఇంతా చెప్పాక ఖర్చెంతవుతుందో అనుకోకండి. మా ఇంటి సరంజామా ఇది: వెడల్పు మూతి ప్లాస్టిక్ మగ్గు ఒకటి, బకెట్‌లో సగం నీళ్లు, నా పాత పంచె చింపిన గుడ్డలు. పాదాన్ని మగ్గులో ముంచి, బొటనవేలితో ఒక్కో వేలి సందునా మెల్లగా రుద్దుతాను. నీళ్లు నల్లబడితే పారబోసి మళ్లీ నింపుతాను. వట్టి నీళ్లు చాలు. గ్రీజు అంటిన రోజున కుక్కల షాంపూ చుక్క వేస్తాను. మన తలకు వాడేది వద్దు, మన చర్మం తీరు వేరు, దాని చర్మం తీరు వేరు. డెట్టాలు, ఫినాయిలు దగ్గరికే రానివ్వను.

కడగడం సగం పనే. ఆరబెట్టడం మిగతా సగం, అందరూ ఎగ్గొట్టేది అదే. మన ఊరి గాలిలోనే తేమ ఎక్కువ. పైగా కుక్కకు చెమట పట్టేదే పాదాల దగ్గర. వేళ్ల సందున తడి నిలిస్తే ఫంగస్ చేరుతుంది, పులిసిన పిండి వాసన వస్తుంది. దురద పుట్టి నాకుతుంది, నాకితే ఇంకా తడి. తెల్లకుక్క ఉన్నవాళ్లు పాదాల దగ్గర బొచ్చు తుప్పురంగుకు తిరిగిందేమో చూడండి. ఆ మరక రోడ్డుది కాదు, ఎడతెగకుండా నాకడం వల్ల లాలాజలం పట్టించిన రంగు. ఆ రంగు కనిపించిందంటే డాక్టరుకు చూపించే వేళయిందని అర్థం. ఆరబెట్టేటప్పుడు గుడ్డతో రుద్దకుండా అద్దండి. ఒక్కో వేలూ విడదీసి అద్దండి.

కాలు పట్టుకుంటే మా కుక్క కరవబోతుంది అనేవాళ్లూ ఉన్నారు. చాలా కుక్కలకు పాదం పట్టుకోనివ్వడం ఇష్టముండదు. పిల్లగా ఉన్నప్పుడే ఊరికే పాదం తాకి, వదిలి, ఓ ఇడ్లీ ముక్క పెట్టండి. తరవాత వేళ్లు తెరవండి, మళ్లీ ముక్క. పెద్ద కుక్కకైనా ఇదే పద్ధతి, కాస్త ఓపిక ఎక్కువ కావాలంతే. బెదిరించి, అదిమిపెట్టి కడిగితే రేపు గుమ్మం దగ్గరికే రాదు.

ఒంటి సంగతి కాళ్లలా కాదు. రోజూ స్నానం చేయిస్తే చర్మంలో నూనె పోయి పొడిబారుతుంది. బొచ్చు మీది బురదను ఆరనిచ్చి దువ్వితే రాలిపోతుంది. పొట్ట కింద చిమ్మిన మురికికి తడిగుడ్డ చాలు. ఎండాకాలం వచ్చిందని స్పిట్జ్ లాంటి కుక్కలకు గుండు కొట్టించకండి, ఆ బొచ్చు ఎండను కూడా ఆపుతుంది. వేసవిలో చూడాల్సింది పాదాలనే. మే నెలలో బందరు రోడ్డు తారు మీద చెయ్యి వెనక వైపు ఏడు సెకన్లు ఆనించండి. మీరు ఓర్చుకోలేకపోతే అది కుక్కను నడిపించే వేళ కాదు. సూర్యుడు రాకముందో, రోడ్డు చల్లారాకో వెళ్లండి.

ఇక బజారు. పాదాలకు తడి టిష్యూలు, నురగ, పౌడరు, సెంటు, చివరికి బూట్లు కూడా అమ్ముతున్నారు. రాత్రిపూట కిందికి దిగి కడగలేని ముసలివాళ్లకు తడి టిష్యూ పనికొస్తుంది, కాదనను. వేళ్ల సందులో బిగిసిన రేగడిని మాత్రం అది కదిలించలేదు. సెంటైతే నేను ఒప్పుకోను. పాదం వాసన వచ్చిందంటే అక్కడేదో జబ్బు మొదలైందని కబురు. కబురు తెచ్చినవాడి నోరు మూయించి ఏం లాభం?

అసలు ప్రశ్న ఎవరు కడగాలన్నది. చాలా ఇళ్లలో ఈ పని పనమ్మాయికి అప్పజెబుతున్నారు. గిన్నెలు తోమడానికి, ఇల్లు ఊడవడానికి మాట్లాడుకున్న జీతంలోనే కుక్క కాళ్లు కూడా కలిసిపోతాయి. కరిచినా, గీరినా సూది మందు ఖర్చు ఎవరిదో ముందుగా ఎవరూ చెప్పరు. ఆమె ఆ కుక్కను కోరి తెచ్చుకోలేదు. కోరి తెచ్చినవాళ్లు పక్కగదిలో ఫోన్ చూస్తుంటారు. మర్యాద సంగతి అలా ఉంచినా, కుక్క కోసమైనా ఇది తప్పు. పాదం పగిలిందనీ, పిడుదు పట్టిందనీ, నడక మారిందనీ రోజూ పట్టుకునే చేతికే తెలుస్తుంది. ఆ చేయి మనదై ఉండాలి. కుక్క కావాలని మారాం చేసిన పిల్లలకు వాళ్ల వయసుకు తగ్గట్టు ఈ పనిలో వాటా ఇవ్వండి. కడిగాక సబ్బుతో చేతులు కడుక్కోవడం కూడా నేర్పండి.

సంఘాలకూ ఒక మాట. నిషేధాల తీర్మానాలు నిలబడవు, వాటికి పెట్టే సమయంలో ఒక కుళాయి పెట్టించవచ్చు. చాలా అపార్ట్‌మెంట్ల సెల్లార్‌లో కార్లు కడగడానికి పైపు ముందే ఉంది. కారుకు పోసే నీళ్లలో పదోవంతు అక్కర్లేదు నాలుగు పాదాలకు. ఆ పంపు పక్కన రెండడుగుల గచ్చు, నీళ్లు పోయే తూము, గోడకు ఒక కొక్కెం ఉంటే చాలు. కార్పొరేషన్ కూడా కాలువగట్ల వాకింగ్ ట్రాకుల దగ్గర, పార్కుల గేట్ల దగ్గర ఒక్కో కుళాయి పెడితే కుక్కలున్నవాళ్లకే కాదు, బురద తొక్కిన పిల్లలకూ పనికొస్తుంది.

2025 ఆగస్టులో వీధికుక్కల మీద సుప్రీంకోర్టు ఒక ఆదేశమిచ్చి, రెండు వారాలు తిరక్కుండానే దాన్ని సవరించాక దేశమంతా రెండు పక్షాలైంది. ఇలాంటి రోజుల్లో కుక్కంటే గిట్టని మనిషిని వాదనతో గెలవలేం. ఆయన నడిచే కారిడార్‌లో మన కుక్క అడుగు కనపడకపోతే సగం గొడవ అక్కడే చల్లారుతుంది. కుక్కను లిఫ్టులో తీసుకెళ్లే హక్కు మనకు ఉంది. ఆ హక్కును వాచ్‌మన్ భార్య నడుము మీద నిలబెట్టడం అన్యాయం. నడిపించినవాళ్లే కడగాలి, కడిగినవాళ్లే తుడవాలి. రోజుకు పది నిమిషాల పని. ఆ పది నిమిషాల తీరిక లేనివాళ్లు దయచేసి కుక్కను తెచ్చుకోకండి.